కడలి అడుగున దీపము

మానవుడు నేలపై నడచెను, ఆకాశమున నెగిరెను, చంద్రమండలముపై పాదము మోపెను. కాని భూగోళములో ముక్కాలు భాగము నావరించియున్న సముద్రపు లోపలి భాగమును కన్నులార చూచినవారు నేటికిని మిక్కిలి తక్కువ. ఒడ్డున నిలిచి మనము చూచునది సముద్రపు పైకప్పు మాత్రమే. ఆ కప్పు క్రింద కొండలున్నవి, లోయలున్నవి, తోటలున్నవి. వానిలో ఏనుగును మించిన ప్రాణులును, ఆవగింజను మించని ప్రాణులును కాపురముండును.

హైదరాబాదు నగరమున హిమాయత్‌నగరు వంటి పేటలలో పెరుగు బాలబాలికలకు సముద్రము మరింత దూరము. వారికి నీరనగా హుస్సేనుసాగరము; కెరటములనగా దాని గట్టునకు తగులు చిరు తరగలు. రైలెక్కి ఒక రాత్రి ప్రయాణము చేసినగాని విశాఖపట్టణపు అలలు కంటబడవు. అట్టి బాలుడు కూడ నేడు సముద్రపు అడుగున, రాత్రివేళ, గోరంత ప్రాణి యెట్లు మెలగుచున్నదో చూడగలుగుచున్నాడు. గాజువలె లోపలి పేగులు కూడ కనబడు రొయ్యపిల్ల, బియ్యపుగింజంత సముద్రాశ్వపు కూన, ముండ్ల కిరీటము ధరించినట్లున్న పీతపిల్ల అతని యెదుట పుస్తకములలోను, తెరలమీదను అరచేయంత పెద్దవై నిలుచుచున్నవి. ఆ చిత్రములను తీయువారు గాలి నింపిన సీసాలను వీపున కట్టుకొని, చేత దీపములు పట్టుకొని, చీకటి నీటిలోనికి దిగుదురు.

ఈ విద్యకు దారి వేసినవాడు ఫ్రాన్సు దేశీయుడైన లూయీ బూటాన్ అను ప్రాణిశాస్త్రజ్ఞుడు. నీటి అడుగున ఛాయాచిత్రము తీయుటయే అసాధ్యమని తోచు దినములలో అతడు ఆ పనికి పూనుకొని సాధించెను. వెలుగు లేని చోటికి వెలుగును తానే మోసికొనిపోయెను. అతని జీవితకథను తెలిసికొందము.

బూటాన్ 1859వ సంవత్సరము మార్చి నెల 6వ తేదీన వెర్సాయి నగరమున జన్మించెను. పారిస్ నగరమున ప్రకృతిశాస్త్రము నభ్యసించెను. 1880లో ఆస్ట్రేలియా ఖండములోని మెల్బోర్ను నగరమున గొప్ప అంతర్జాతీయ ప్రదర్శనము జరిగెను. ఫ్రాన్సు ప్రభుత్వము ఆ సందర్భమున అతనిని ఆస్ట్రేలియాకు పంపెను. అప్పటి కతనికి ఇరువదియొక యేండ్లు. సంచిలో పిల్లలను మోయు కంగారూల వంటి జంతువులను అతడచ్చట పరిశీలించెను. పుస్తకములలో చదివిన జంతువునకును, దాని స్వస్థలమున చూచిన జంతువునకును ఎంత భేదమున్నదో ఆ ప్రయాణమున అతనికి తెలిసివచ్చెను.

తిరిగివచ్చిన పిమ్మట అతని దృష్టి సముద్రపు ప్రాణులమీదికి మరలెను. నత్తలు, ఆలుచిప్పలు మొదలైన మెత్తని దేహము గల జీవుల నిర్మాణమును, వాని పిల్లలు పెరుగు విధమును అతడు పరిశోధించెను. ఇవి చాల చిన్న ప్రాణులు. వీనిని వలలతోను, జాలరుల సహాయముతోను పైకి తీసి, గాజుపాత్రలలో నుంచి, సూక్ష్మదర్శినితో పరీక్షించుట ఆనాటి శాస్త్రజ్ఞుల పద్ధతి. అయితే ఇందులో ఒక లోపమున్నది. సముద్రపు అడుగున పూవువలె విప్పారియుండు ప్రాణి, పైకి తీయగానే ముడుచుకొనిపోవును. దాని రంగులు వెలవెలబోవును. అది ఏ రాతిని పట్టుకొని యుండెనో, దాని ప్రక్క ఏ నాచు పెరుగుచుండెనో, దాని పొరుగున ఎవరు నివసించుచుండిరో ఏమియు తెలియదు. ఇల్లు, ఊరు, బంధువులు లేక ఒంటరిగా తెచ్చి నిలిపిన మనిషిని చూచి, అతని జీవితమును వర్ణించుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

ఫ్రాన్సు దేశమునకు దక్షిణమున, స్పెయిన్ సరిహద్దునకు సమీపమున, మధ్యధరాసముద్రపు ఒడ్డున బాన్యుల్స్ అను చిన్న రేవు పట్టణము కలదు. లకాజ్ ద్యూతియే అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు అచ్చట అరాగో పేరిట ఒక సముద్రజీవ పరిశోధనాలయమును స్థాపించియుండెను. బూటాన్ ఆ పరిశోధనాలయమున పనిచేయుచు, ఒడ్డున కూర్చుండి ఇతరులు తెచ్చిన వస్తువులను పరీక్షించుటతో తృప్తి చెందక, తానే నీటిలోనికి దిగుటకు నిశ్చయించుకొనెను.

ఆ కాలమున నీటిలో మునుగుట నేటివలె సులభము కాదు. మునుగువాడు రబ్బరు పూసిన దళసరి గుడ్డతో చేసిన తొడుగులో మెడవరకు దూరవలెను. తలపై గాజు కిటికీలు గల పెద్ద రాగి శిరస్త్రాణమును మరలతో బిగింతురు. పాదములకు సీసపు అడుగులు గల బూట్లు, రొమ్మునకు సీసపు దిమ్మలు కట్టుదురు. పైన పడవలో నున్నవారు పంపును త్రిప్పుచు గొట్టము ద్వారా గాలి నందించుచుందురు. ఆ గొట్టము తెగినను, చిక్కుపడినను ప్రాణాపాయము. మునిగినవాడు పైవారికి ఏమైన తెలుపదలచిన తాడును లాగి సంజ్ఞ చేయవలసినదే.

ఇట్టి తొడుగుతో బూటాన్ సముద్రపు అడుగున నిలిచి చుట్టును కలయజూచెను. అతనికి తన కన్నులనే నమ్మ శక్యము కాలేదు. గాలి వీచినపుడు పైరు తలలూపునట్లు, నీటి కదలికకు నాచుమొక్కలు ఊగుచుండెను. రాళ్ళ నడుమ విసనకఱ్ఱల వంటి పగడపు జాతులు నిలిచియుండెను. వాని సందులలో చిన్న ప్రాణులు వచ్చుచు పోవుచు నుండెను. అతడు పైకి వచ్చి తాను చూచినదానిని వర్ణింపబోయిన మాటలు చాలలేదు. చిత్రకారునిచేత వ్రాయించవలెనన్న చిత్రకారుడు లోపలికి రాలేడు. తానొక్కడు చూచి ఆనందించిన దానివలన లోకమునకు లాభమేమి? చూడలేనివారికి కూడ చూపవలెనన్న కోరిక అతని హృదయమున నాటుకొనెను. ఆ కోరికయే అతనిని ఛాయాచిత్రకళవైపునకు నడిపెను.

ఆనాటి ఛాయాచిత్రకళ ఏ స్థితిలో నుండెనో ఇచట కొంచెము తెలిసికొనవలెను. పేరునకు ఛాయాచిత్రమే గాని, దానిని వ్రాయునది వెలుగు. మందుపూసిన గాజుపలకపై వెలుగు పడినచో అది బొమ్మగా నిలుచును. వెలుగు తక్కువైనకొలది పలకను ఎక్కువ సేపు తెరచియుంచవలెను. ఆ కాలముననే మన హైదరాబాదులో రాజా దీనదయాళు అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు ఆరవ నిజామగు మహబూబ్ ఆలీఖాను ఆస్థానమున నుండెను. రాజభవనములను, వేట విడుదులను, దర్బారులను అతడు అద్భుతముగ చిత్రించెను. 1894లో నిజాము అతనికి ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగెను. దీనదయాళునకు దక్కను పీఠభూమి యెండ కావలసినంత కలదు. బూటానునకు కొరవడినది సరిగా ఆ యెండయే. ఒకే కళను అభ్యసించిన ఈ యిరువురిలో ఒకడు సూర్యుని వెలుగులో రాజులను చిత్రించుచుండగా, మరియొకడు సూర్యుడు చొరని చోట నాచును, నత్తను చిత్రింప బయలుదేరెను.

నీటిలో వెలుగు ఎందుకు తగ్గును? సూర్యకాంతి ఏడు రంగుల కలయిక యని మీరు చదివియున్నారు. ఆ కాంతి నీటిలోనికి దిగగానే మొదట ఎరుపు రంగు ఇంకిపోవును. పిమ్మట నారింజ, పసుపు రంగులు తగ్గును. కొన్ని బారల లోతునకే సర్వము నీలిమయముగ కనిపించును. మరింత క్రిందికి పోయిన చీకటియే. ఇదిగాక నీటిలో తేలియాడు సన్నని నలుసులు కాంతిని చెదరగొట్టి చిత్రమును మసకబార్చును. నీటి బరువు వేరొక యిబ్బంది. ప్రతి పది మీటర్ల లోతునకు, మనపై నున్న గాలి మొత్తము నొత్తునంత ఒత్తిడి అదనముగ చేరును. ఏ చిన్న సందున్నను ఆ ఒత్తిడికి నీరు పెట్టెలో జొరబడి పలకను పాడుచేయును.

బూటానునకు ముందు ఈ ప్రయత్నము చేసినవాడు లేకపోలేదు. ఇంగ్లండు దేశమున వేమతు అఖాతములో విలియం థామ్సన్ అను న్యాయవాది 1856లో తన కెమెరాను ఒక పెట్టెలో నమర్చి పడవపైనుండి నీటిలోనికి దింపెను. పెట్టెలోనికి నీరు చొచ్చెను. పలకపై మసక మసకగా ఏదో ఆకారము మాత్రము నిలిచెను. థామ్సన్ అంతటితో ఆ ప్రయత్నమును విరమించెను. తరువాత ముప్పది యేండ్లకు పైగా ఆ దారి బీడుపడియుండెను.

1893లో బూటాన్ ఆ దారిని మరల త్రొక్కెను. అతనికి ఓగూస్త్ అను సోదరుడు కలడు. ఓగూస్త్ ఇంజనీరు. అన్న తమ్ములిరువురును ఆలోచించి, నీరు చొరని రాగి పెట్టెలో కెమెరాను అమర్చిరి. నీటి ఒత్తిడికి పెట్టె నలిగిపోకుండుటకు ఒక చక్కని ఉపాయము పన్నిరి. గాలి నింపిన రబ్బరు తిత్తిని పెట్టెకు తగిలించిరి. పెట్టె లోతునకు దిగినకొలది నీరు ఆ తిత్తిని నొక్కును. తిత్తిలోని గాలి పెట్టెలోనికి పోవును. అందుచే పెట్టె లోపలి ఒత్తిడియు వెలుపలి ఒత్తిడియు సమానముగ నుండును. పరిశోధనాలయమున జోసెఫ్ దావీద్ అను యంత్రపు పనివాడు ఉండెను. పరికరములు చేయుటయందు, వానిని దించి యెత్తుటయందు అతడు బూటానునకు కుడిభుజమై నిలిచెను.

పని జరుగు విధమిది. పడవ రేవు విడిచి అనువైన చోట లంగరు వేయును. బూటాన్ తొడుగు ధరించి అడుగునకు దిగును. పిమ్మట ఇనుప ముక్కాలిపీటను, బరువులను, కెమెరా పెట్టెను త్రాళ్ళతో దింపుదురు. వానిని అతడు చదునైన చోట నిలిపి, చిత్రింపదలచిన రాతివైపునకు పెట్టెను త్రిప్పి, మూత తెరచి, కదలక వేచియుండును. ఎంత సేపు? ఒక్కొక్కప్పుడు అరగంట! అంతసేపును చల్లని నీటిలో, గొట్టమున వచ్చు గాలి పీల్చుచు, అడుగు కదలిన బురద లేచి చిత్రము చెడునను భయముతో అతడు శిలవలె నిలిచియుండవలెను. ఇంత చేసిన పిమ్మట పైకి వచ్చి పలకను కడిగి చూచిన, ఒక్కొకసారి ఏమియు నుండదు. అయినను అతడు విసుగు చెందలేదు. మరునాడు మరల దిగెను. కొంతకాలమునకు రాళ్ళును, నాచును పలకపై స్పష్టముగ నిలిచెను.

అయితే అరగంటసేపు కదలకుండునవి రాళ్ళు మాత్రమే. నాచు ఊగును, చేప పరుగెత్తును, చిన్న ప్రాణి క్షణములో మరుగగును. ప్రాణము గలదానిని చిత్రింపవలెనన్న రెప్పపాటులో చిత్రింపవలెను. రెప్పపాటులో చిత్రింపవలెనన్న వెలుగు మిక్కుటముగ నుండవలెను. అంత వెలుగు నీటి అడుగున లేదు. కనుక వెలుగునే క్రిందికి తీసికొనిపోవలెనని బూటాన్ తలచెను. నీటిలో దీపము వెలిగించుటయా! ఆ తలపు పలువురకు పిచ్చిగ తోచియుండును. కాని ఆ తలపే రాబోవు కాలమునకు విత్తనమయ్యెను.

షోఫూర్ అను విద్యుచ్ఛక్తి నిపుణుడు 1893లో అతనికి తోడ్పడెను. మెగ్నీషియము అను లోహము మండినపుడు కన్నులు మిరుమిట్లుగొను తెల్లని వెలుగు నిచ్చును. దీపావళినాడు మనము కాల్చు మతాబులలోని తెల్లని కాంతికి ఈ లోహపు పొడియు నొక కారణమే. షోఫూర్ ఒక గాజుబుడ్డిలో ప్రాణవాయువును నింపి, అందులో మెగ్నీషియపు తీగనుంచి, విద్యుచ్ఛక్తితో దానిని ముట్టించు ఏర్పాటు చేసెను. ఛాయాచిత్రములకై నేడు మనము వాడు మెరుపుదీపములకు ఇది ముత్తాత యనవచ్చును. కాని తీగ ఒకేరీతిగ మండలేదు. మండినపుడు పుట్టిన తెల్లని పొగ గాజుకు అంటుకొని వెలుగును కప్పెను. అన్నిటికంటె ఘోరమైన సంగతి యేమనగా, వేడికి ఆ బుడ్డి ఒక్కొక్కప్పుడు ప్రేలిపోవుచుండెను. నీటి అడుగున, రబ్బరు తొడుగులో నున్న మనిషి చెంత గాజుబుడ్డి ప్రేలుట ఎంతటి అపాయమో వేరుగ చెప్పనక్కర లేదు.

బూటాన్ ఆ బుడ్డిని విడిచిపెట్టెను గాని, ప్రయత్నమును విడువలేదు. ఈసారి అతడు ఒక పెద్ద పీపాను తీసికొని అందులో ప్రాణవాయువును నింపెను. పీపాపై సారాదీపము నుంచి, దానిపై గాజుగంటను బోర్లించెను. పీపాలోని వాయువువలన ఆ దీపము నీటి అడుగునకూడ ఆరక వెలుగుచుండెను. ప్రక్కనున్న రబ్బరు బుడ్డిని చేతితో నొక్కినచో మెగ్నీషియపు పొడి ఆ మంటపై పడి ఒక్కసారిగ మెరయును. గాలి నిండిన పీపా నీటిలో మునుగదు గదా! దానిని ముంచుటకు అతి భారమైన బరువులు కట్టవలసివచ్చెను. పీపాను దించుట, నిలుపుట, మరల పైకి లాగుట ఎంతో శ్రమతో కూడినవి. అయినను ఆ మోటు పరికరముతోనే సముద్రపు అడుగున మనిషి చేసిన వెలుగున చిత్రములు తీయబడెను.

పట్టుదల గలవాడు ఒక మెట్టెక్కి ఆగడు. 1899 నాటికి బూటాన్ సోదరులు మరింత పెద్ద కెమెరాను, దానికి తగిన దీపములను సిద్ధపరచిరి. ఇవి విద్యుచ్ఛక్తితో వెలుగు ఆర్కు దీపములు. నీరు చొరని పెట్టెలలో వానిని బిగించి, పడవలోని విద్యుద్ఘటములనుండి తీగల ద్వారా శక్తి నందించిరి. కెమెరా మూతను తెరచి మూయుటకు విద్యుదయస్కాంతము నమర్చిరి. కనుక మనిషి దిగలేని లోతునకు సయితము కెమెరాను, దీపములను దింపి, పడవలో కూర్చుండియే చిత్రము తీయుట సాధ్యమయ్యెను. ఇట్లు వారు 50 మీటర్ల లోతున చిత్రము తీయగలిగిరి. అచ్చటి నీటి ఒత్తిడి మనపై నున్న గాలి ఒత్తిడికంటె సుమారు ఆరు రెట్లు. సూర్యుడుండనిండు, అస్తమింపనిండు, ఆ దీపములకు భేదము లేదు. సముద్రపు చీకటిని మానవుడు తన చేతి దీపముతో తొలగించిన దినమది.

ఆ కాలమున తీసిన చిత్రములలో ఒకటి మిక్కిలి పేరుగాంచినది. అందు మునుగు తొడుగు ధరించి నీటి అడుగున నిలిచియున్నవాడు ఎమిల్ రాకోవిట్సా అను రొమేనియా దేశపు యువశాస్త్రజ్ఞుడు. గుహలలో నివసించు జీవులను గూర్చిన శాస్త్రమునకు ఆద్యుడని తరువాత అతడు కీర్తి గడించెను. నీటి అడుగున తీసిన మనిషి చిత్రములలో ఇది చాల ప్రాచీనమైనది. తన అనుభవములను, పరికరముల నిర్మాణమును, తాను చేసిన పొరపాటులను కూడ దాచక బూటాన్ ఒక గ్రంథముగ వ్రాసి 1900లో పారిస్ నగరమున ప్రకటించెను. నీటి అడుగున ఛాయాచిత్రములు తీయుటను గూర్చి వెలువడిన తొలి గ్రంథమదియే.

ఆపైన అతని జీవితము ఇతర దేశములవైపునకు మరలెను. 1904లో అతడు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన ఇండోచైనాకు పోయి, హనోయి నగరమున శాస్త్రపరిశోధనలు సాగించెను. తిరిగివచ్చి బోర్డో నగరమున ఆచార్యుడయ్యెను. ఆ దినములలో అతడు ఆలుచిప్పలలో ముత్యము పుట్టు విధమును శోధించెను. ముత్యముల వర్తకమునకు పేరెన్నికగన్న మన హైదరాబాదువారికి ఇది ఆసక్తి కలిగించు విషయము. జపానులో ఆలుచిప్పలోనికి చిన్న పూసను చొప్పించి ముత్యములను పెంచు పద్ధతి వచ్చెను. 1921లో ఆ ముత్యములు యూరపు విపణులకు రాగా, అవి నకిలీవని వర్తకులు పెద్ద కలకలము పుట్టించిరి. బూటాన్ పరీక్షించి, రెండు విధముల ముత్యములందును పై పొరలను అల్లునది ఆ ప్రాణియే యనియు, ఆ పొరల నిర్మాణమున భేదము లేదనియు తేల్చెను. సత్యమనిపించినదానిని ధనవంతులకు వెరవక చెప్పుట శాస్త్రజ్ఞుని ధర్మము. ముత్యమును గూర్చి 1925లో అతని గ్రంథము వెలువడెను. జీవితపు చివరి భాగమును అతడు ఆఫ్రికా ఉత్తరతీరమునగల అల్జీరియాలో గడపి, 1934లో సముద్రపు ఒడ్డుననే యున్న తిగ్జిర్త్ అను పట్టణమున మరణించెను.

బూటాన్ నాటిన విత్తనము అతని వెనుక మహావృక్షమయ్యెను. 1926లో అమెరికాలోని ఫ్లారిడా తీరమున లాంగ్లీ, మార్టిన్ అను నిరువురు మెగ్నీషియపు వెలుగు సహాయముతోనే నీటి అడుగున రంగుల చిత్రములు తీసిరి. తరువాత మనిషి గాలిని వీపున మోసికొని చేపవలె స్వేచ్ఛగ తిరుగు సాధనములు వచ్చెను. ప్రేలు గాజుబుడ్డి స్థానమున అరచేతిలో నిముడు మెరుపుదీపములు వచ్చెను. పీపాతో, త్రాళ్ళతో, పడవెడు మనుషులతో జరిగిన పని నేడు ఒక్కని చేతిలో నిముడుచున్నది.

నేడు చిన్న ప్రాణులను రాత్రివేళ చిత్రించువారు పాటించు సూత్రములు బూటాన్ కష్టపడి నేర్చినవే. నీటిలోని నలుసులు చిత్రమును మసకబార్చును గనుక ప్రాణికి జానెడు దూరమునకు చేరవలెను. కోల్పోయిన ఎరుపును మరల తెచ్చుటకు దీపము దగ్గరగ నుండవలెను. దీపము ఎదురుగ వెలిగిన నలుసులే మెరయును గనుక దానిని ప్రక్కకు పట్టవలెను. రాత్రివేళయే ఎందుకు పోవలెనని మీరడుగవచ్చును. పగలు శత్రువులకు వెరచి లోతులలో దాగియుండు లెక్కలేనన్ని చిన్న ప్రాణులు రాత్రి కాగానే మేతకై పైనీటికి వచ్చి, తెల్లవారకముందే మరల క్రిందికి దిగును. ప్రపంచమున ప్రతిదినమును జరుగు ప్రయాణములలో ఇంత గొప్పది వేరొకటి లేదు. పగలు వట్టి బండవలె కనబడిన రాయి రాత్రి సంతవీధివలె సందడిగ నుండును. ఎరుపు కాంతి లోతునకు చేరదు గనుక, సముద్రపు ప్రాణులలో పెక్కింటికి ఆ రంగు సరిగ కనబడదు. అందుచే ఎర్రని దీపముతో వానిని వెదకి, వాని కలవరపాటు లేకుండ చేరి, రెప్పపాటు మెరుపుతో చిత్రించి, తాకక తిరిగివచ్చుట ఉత్తమమైన పద్ధతి.

మన విశాఖపట్టణపు ఋషికొండ చెంతను గూడ నేడు మునుగు విద్య నేర్పువారున్నారు. తూర్పుతీరమున కొన్ని రాత్రులలో అలలు విరిగినచోట నీలి వెలుగు మెరయుట మన బెస్తవారు ఎరుగుదురు. అది కంటికి కనబడని కోట్లకొలది సూక్ష్మజీవుల కాంతి. సముద్రము తన దీపములను తానే వెలిగించుకొను ఆ రాత్రులను చూచునపుడు, దాని అడుగునకు చిత్రములకై దీపము మోసికొనిపోయిన మనిషిని తలచుకొనుట న్యాయము.

బాలబాలికలారా! బూటాన్ రాజ్యములను జయింపలేదు, ధనమును కూడబెట్టలేదు. తానొక్కడు చూచిన అందమును చూడలేనివారందరకు చూపవలెనని ఆశించెను. ఆ ఆశకై పలుమారులు అపాయమున నిలిచెను. పలక పాడైనను, బుడ్డి ప్రేలినను, వేరొక దారి వెదకెను గాని వెనుదిరుగలేదు. ఆ పనిని అతడొక్కడే చేయలేదనియు మరువరాదు. సోదరుని తెలివి, యంత్రపు పనివాని చేతి నేర్పు, విద్యుచ్ఛక్తి నిపుణుని సాహసము, పడవలో పంపు త్రిప్పి గాలి నందించిన పేరు తెలియని శ్రామికుల జాగరూకత అతని చిత్రములలో దాగియున్నవి. సముద్రమును చూడని హిమాయత్‌నగరు బాలుడు నేడు గోరంత పీతపిల్ల కన్నులలోనికి తేరిపార చూడగలుగుచున్నాడన్న, ఆ వెలుగు వారందరును మోసి తెచ్చినది.